ఆరుద్ర పురుగుతో పోకెమాన్ గీస్తున్నా, మూడో రూపం దగ్గర ఆగిపోయాను

నల్లమల_పోరడు:

నమస్తే అన్నలూ, అక్కలూ. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నా, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

మాది అచ్చంపేట దగ్గర పల్లె. టౌన్లో ఒక మెడికల్ షాపులో పనిచేస్తాను. మధ్యాహ్నం రెండు దాటాక నాలుగింటి దాకా గిరాకీ పలచబడుతుంది. నేను గీసుకునేది అప్పుడే. మందుల డబ్బా విప్పదీస్తే లోపలివైపు తెల్లటి అట్ట ఉంటుంది. పెన్సిల్ దాని మీద జారకుండా నడుస్తుంది, రబ్బరుతో చెరిపినా పొర లేవదు. దగ్గు సిరప్ డబ్బా అట్ట ఒక బొమ్మకి సరిగ్గా సరిపోతుంది. అలా ఇప్పటికి 43 సొంత పోకెమాన్లు గీశాను. పోకెమాన్ వీడియో ఆటలో పట్టి పెంచే జీవుల్లాంటివే, కాకపోతే నేను ఊహించి గీసినవి. ఫేక్‌మాన్ అంటారు కదా, అవే. కొర్రమీను, ఉడుము, గంగిరెద్దు, అన్నీ మా చుట్టుపక్కల కనిపించేవే. వాటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనదే ఇప్పుడు ముందుకు కదలడం లేదు.

అది ఆరుద్ర పురుగు. చూడనివాళ్ల కోసం చెప్తున్నా. జూన్ చివర్లో ఆరుద్ర కార్తె వచ్చి నాలుగు వానలు పడగానే నేలలోంచి పైకొచ్చే ఎర్రటి పురుగు. శనగగింజంత ఉంటుంది. ముట్టుకుంటే మఖ్మల్ గుడ్డ ముట్టుకున్నట్టే. మా తాత చెల్కలో జొన్న విత్తుతుంటే నేను నాగలి వెనకాలే నడుస్తూ వాటిని ఏరేవాణ్ణి. అగ్గిపెట్టెలో పచ్చిగడ్డి పరిచి, నాలుగైదు వేసుకుని బడికి తీసుకెళ్లేవాళ్లం. ఎవరి పెట్టెలో పెద్దది ఉంటే ఆ రోజుకి వాడే రాజు. మార్చుకోవడం కూడా ఉండేది. ఒక పెద్దదానికి చిన్నవి మూడు ఇవ్వాలి.

పోకెమాన్‌ని సృష్టించిన సతోషి తాజిరి చిన్నప్పుడు టోక్యో శివార్లలోని మచిదాలో పురుగులు పట్టుకుంటూ తిరిగేవాడని, తోటి పిల్లలు ఆయన్ని పురుగుల డాక్టర్ అని పిలిచేవాళ్లని ఒకసారి చదివాను. ఊరు పెరిగి చెరువులు, పొలాలు పోయాక ఆ పురుగులూ పోయాయి. పెద్దయ్యాక, చేతిలో పట్టుకుని ఆడుకునే యంత్రాలైన రెండు గేమ్‌బాయ్‌లను కలిపే తీగను చూసి, దాని మీద పురుగులు అటూ ఇటూ పాకుతున్నట్టు ఊహించుకున్నాడట. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో వచ్చిన రెడ్, గ్రీన్ ఆటల వెనక ఉన్న ఆలోచన అదే. అది చదివిన రోజు నాకు నా అగ్గిపెట్టె గుర్తొచ్చింది. బడి వెనకాల మేం చేసిందీ అదే కదా! అప్పటినుంచి ఆరుద్ర పురుగుని ఎదిగేకొద్దీ మూడు రూపాలు మారే పోకెమాన్‌గా చేయాలని పట్టుబట్టి కూర్చున్నా.

మొదటి రూపం పేరు నలుసు. చిన్న ఎర్ర బొట్టు, ఎనిమిది కాళ్లు, రెండు పెద్ద కళ్లు. రెండోది ముకమలు. మా నాయనమ్మ మఖ్మల్‌ని అలాగే అనేది. గుండ్రంగా, ఒళ్లంతా నూగు. మూడోది ఇంద్రగోపురం. ఆరుద్ర పురుగుని పాత పద్యాల్లో ఇంద్రగోపం అంటారు, దానికి గోపురం కలిపాను. అందుకే వీపు మీద ఐదంతస్తుల గోపురం పెట్టాను. పైన కలశం, ప్రతి అంతస్తులో కిటికీలు, కిటికీల్లోంచి మంటలు, తలకి నాలుగు కొమ్ములు, కాళ్లకి ఇనుప గోళ్లు. ఎర్రగా ఉంది కాబట్టి టైపు, అంటే ఆటలో దాని జాతి, బగ్/ఫైర్ (పురుగు, నిప్పు) అనుకున్నా. ఆరు స్టాట్లూ, అంటే దాని బలం, వేగం లాంటివి చెప్పే అంకెలు, కలిపితే 610.

ఇప్పుడు నా ఇబ్బంది. కాగితం మీద ముకమలు బాగానే ఉంది, కానీ ఫోన్లో 64×64 పిక్సెళ్లకి దించితే టమాటాలా కనిపిస్తోంది. నూగు కోసం గీసిన సన్న గీతలన్నీ మురికిలా తేలుతున్నాయి. మూడో రూపం చూపిస్తే మా షాపుకొచ్చే ఒక స్నేహితుడు "ఇది డ్రాగనా?" అని అడిగాడు. మొదటి రెండింటికీ దీనికీ చుట్టరికమే కనిపించడం లేదన్నాడు. ఆ మాట నిజమే. నాలుగు సార్లు మార్చాను, మార్చిన ప్రతిసారీ ఇంకో కొమ్ము పెరిగింది తప్ప బాగుపడలేదు.

పేరు మాత్రం వదులుకోలేను. పాత జపాన్ ఆటల్లో పోకెమాన్ పేరు ఐదు అక్షరాలు దాటకూడదనే హద్దు ఉండేది. ఇం-ద్ర-గో-పు-రం. లెక్కపెట్టుకున్నా, సరిగ్గా ఐదే. దారి చూపించండి.

పిక్సెల్_బాబాయ్:

తమ్ముడూ, ముందు ఒక మాట. నాగలి వెనకాల నడిచి ఏరినవాడు గీసిన పురుగు ఇది. దీన్ని సగంలో వదలకు.

నేను విశాఖలో మొబైల్ ఆటలకి బొమ్మలు గీసే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. చిన్న బొమ్మలే నా అన్నం. నీ టమాటా సంగతి ముందు చూద్దాం.

నూగుని గీతలతో చూపించాలనుకోవడం దగ్గరే ఇబ్బంది మొదలైంది. 64 పిక్సెళ్లలో వెంట్రుక మందం ఉన్న గీత అంటూ ఉండదు. అక్కడ అన్నిటికంటే సన్న గీత కూడా నీ పురుగు కాలంత లావు. కాబట్టి నూగుని గీయకూడదు, దాని మీద వెలుగు ఎలా పడుతుందో గీయాలి. ఇంట్లో పాత నగల డబ్బా ఉందా? లోపల ఎర్ర మఖ్మల్ ఉంటుంది. ఆ గుడ్డని వేలికి చుట్టి బల్బు కింద పెట్టి చూడు. పక్కనే ఒక స్టీలు గ్లాసు పెట్టు. గ్లాసుకి మెరుపు నీ వైపు ఉబ్బిన చోట సన్నగా, పదునుగా పడుతుంది. మఖ్మల్‌కి అలా కాదు. నీకు ఎదురుగా ఉన్న భాగం ముదురుగా ఉండి, పక్కలకి తిరిగే అంచుల్లో తెల్లబారినట్టు లేత రంగు కమ్ముతుంది. ఎందుకంటే అంచు దగ్గర మనకి పోగుల పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా పోగుల మధ్య చీకటి కనిపిస్తుంది. నువ్వు ముకమలుకి మధ్యలో తెల్ల చుక్క పెట్టి ఉంటావు, పందెం. నున్నటి టమాటాకి ఉండే మెరుపు అదే, అందుకే టమాటా అయింది.

ఆ చుక్క తీసెయ్. ఒంటి మధ్యలో ముదురు ఎరుపు నింపు. బయటి గీతకి నలుపు వాడకుండా మెరూన్ వాడు. ఆ గీతకి ఆనుకుని లోపలివైపు రెండు పిక్సెళ్ల వెడల్పున గులాబీ వైపు వెళ్లే లేత ఎరుపు పట్టీ పెట్టు. వెలుగు పైనుంచి ఎడమవైపు పడుతుందనుకుంటే అటు పట్టీ మూడు పిక్సెళ్లు, కింద కుడివైపు ఒకటి చాలు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ కాలపు పద్ధతిలో అయితే ఒక బొమ్మకి 16 రంగులు, అందులో ఒకటి వెనక ఖాళీకి పోతుంది. మిగిలిన 15లో ఎరుపుకి ఐదు, కళ్లకి మూడు, కాళ్లకి మూడు వాడినా ఇంకా మిగులుతాయి. మొదటి ఆటల్లో అయితే ఎదురుగా కనిపించే బొమ్మకి 56×56 పిక్సెళ్లు, నాలుగే ఛాయలు. అంత ఇరుకులోనే 151 పోకెమాన్లని ఒకదానితో ఒకటి కలవకుండా గీశారు.

ఇక ఆకారం. ఆ పురుగుని గుండ్రం అన్నావు. నువ్వు చేత్తో పట్టుకున్నవాడివి, నిజంగా గుండ్రమేనా? నేను పాడేరు వైపు చూసినవి గుండ్రంగా లేవు. భుజాల వెనక ఒక నొక్కు ఉంటుంది. వీపు మీద బొంత కుట్టినట్టు వరసగా గుంటలు ఉంటాయి. ముందుకాళ్లు రెండూ గాల్లో తడుముతుంటాయి. బొమ్మ మొత్తాన్ని ఒకసారి నల్లరంగుతో నింపి, ఎవరికైనా నీడలా చూపించు. నొక్కు, తడిమే కాళ్లు కనిపిస్తే టమాటా అనరు.

గోపురం దగ్గరికొస్తున్నా. నీకు పేరు ముందు దొరికింది, బొమ్మ ఆ పేరు వెంట పరిగెత్తింది. పురుగు వీపు మీద కట్టడం ఎక్కించావు. అది పురుగులోంచి పుట్టలేదు, అందుకే మొదటి రెండింటితో చుట్టరికం తెగింది. పేరు ఉంచు, బంగారంలాంటి పేరు. గోపురంలో ఇటుకలు, కిటికీలు, కలశం తీసేస్తే ఏం మిగులుతుంది? అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నబడే వరసలు. నీ పురుగు వీపు మీద ఆ గుంటల వరసలు ఎలాగూ ఉన్నాయి. మూడో రూపంలో వీపుని పైకి లేపి, మడతలు ఐదు వరసలుగా, ఒక్కోటీ కిందిదానికంటే కురచగా పేర్చు. అన్నీ మఖ్మల్ మడతలే. కొమ్మొద్దు, ఇనుప గోళ్లొద్దు. చూసినవాళ్లకి ముందు పురుగు కనపడాలి, పేరు చదివాక గోపురం కనపడాలి.

పికాచూని గీసిన అత్సుకో నిషిదా మొదలుపెట్టింది దైఫుకుతో. అది జపాన్‌లో బియ్యప్పిండితో చేసే మిఠాయి. దాన్ని నిలువుగా సాగదీసి చెవులు పెట్టారు. ఉడుత బుగ్గల్లో తిండి దాచుకున్నట్టు దీనికి బుగ్గల్లో కరెంటు పెట్టారు. ఒక మిఠాయి, ఒక ఉడుత బుగ్గ, అంతే. నీకు ఒక పురుగు, ఒక గోపురం చాలు. మంటలు, కొమ్ములు, ఇనుము కలిపితే మొత్తం ఐదయ్యాయి.

డ్యామేజ్_లెక్క:

బొమ్మ సంగతి బాబాయ్ చెప్పారు, నేను టైపు సంగతి చెప్తా.

బ్రదర్, ఎర్రగా ఉన్నదల్లా ఫైర్ కాదు. నీ పురుగు వాన పడితేనే బయటికొస్తుంది అని నువ్వే రాశావు. ఆటలో వాన కురుస్తుంటే ఫైర్ దాడుల బలం సగానికి పడిపోతుంది, వాటర్ దాడులు ఒకటిన్నర రెట్లు అవుతాయి. బగ్/ఫైర్‌కి వాటర్ ఎలాగూ రెట్టింపు తగులుతుంది, రాక్ అయితే నాలుగు రెట్లు. వానకోసం ఏడాదంతా నేలలో కాచుకుని కూర్చున్న జీవి, తీరా వాన వచ్చాక నీరసపడిపోతుంది. నాకు చదువుతుంటేనే మనసు ఒప్పలేదు.

బగ్/వాటర్ అని కొందరు అంటారు. కానీ అది నీళ్లలో ఉండదు, మట్టిలో ఉంటుంది. నా ఓటు బగ్/గ్రౌండ్‌కి. ఆ జతకి ఫైర్, ఫ్లయింగ్, వాటర్, ఐస్ రెట్టింపు తగులుతాయి. ఎలక్ట్రిక్ అసలు తగలదు. బగ్ టైపుల ప్రాణం తీసే రాక్ ఇక్కడ మామూలు దెబ్బే. మిగిలింది వాటర్ బలహీనత. దానికి వాటర్ అబ్జార్బ్ అనే ఎబిలిటీ (దానికంటూ ఉండే ప్రత్యేక గుణం) ఇవ్వు. వాటర్ దాడి తగిలితే నష్టం ఉండదు సరికదా, దాని ప్రాణశక్తి, అంటే మొత్తం హెచ్‌పీలో నాలుగో వంతు తిరిగొస్తుంది. ఎదుటివాడు గ్రౌండ్ టైపు కదా అని నీళ్లు కొడతాడు, ఇది తాగి లేచి కూర్చుంటుంది. ఆరుద్ర పురుగు అంటే ఏంటో ఆడేవాడికి ఒక్క మాట చెప్పకుండానే అర్థమైపోతుంది. నాకు డిజైన్ అంటే ఇదే. బొమ్మ, టైపు, ఎబిలిటీ మూడూ ఒకే సంగతి చెప్పాలి.

దీనికి ఆటలోనే మంచి ఉదాహరణ ఉంది. నిన్‌కాడా అని బగ్/గ్రౌండ్ పోకెమాన్, చెట్ల మీద గీమని అరిచే సికాడా పురుగు పిల్ల. నేలలో ఉంటుంది. 20వ లెవెల్లో రెక్కలొచ్చి నిన్‌జాస్క్ అవుతుంది. అప్పుడు జట్టులో ఒక చోటు ఖాళీగా ఉండి, సంచిలో పోకేబాల్ (పోకెమాన్లని పట్టే బంతి) కూడా ఉంటే అది విడిచిన తొడుగు షెడింజాగా మిగులుతుంది. బగ్/గోస్ట్, హెచ్‌పీ ఎప్పటికీ 1. చెట్టు బెరడుకి అంటుకుని ఉండే ఖాళీ తొడుగుని చిన్నప్పుడు నలిపి చూసినవాళ్లకి ఆ 1 ఎందుకో తెలుస్తుంది. నిన్‌కాడా పెరిగాక గ్రౌండ్ పోతుంది కాబట్టి చివరి రూపం దాకా బగ్/గ్రౌండ్‌గా నిలిచింది వార్మడమ్ ఇసుక రూపం ఒక్కటే. నీకు చోటు ఖాళీగానే ఉంది.

610 మాత్రం తగ్గించు. డ్రాగనైట్ లాంటి బలమైనదానికే 600. ఆట మొదట్లో దొరికే బటర్‌ఫ్రీకి 395. వోల్కరోనాకి 550 ఉంటే దానికోసం 59వ లెవెల్ దాకా ఆగాలి. వానలో పొలంలో దొరికే పురుగుకి 490 మంచి లెక్క. హెచ్‌పీ 95, అటాక్ 70, డిఫెన్స్ 105, స్పెషల్ అటాక్ 75, స్పెషల్ డిఫెన్స్ 100, స్పీడ్ 45. మెల్లగా నడిచే జీవి, మెల్లగానే ఉండనీ.

నల్లమల_పోరడు:

అన్నా, మీ ఇద్దరికీ దండాలు. మధ్యలో తెల్ల చుక్క ఉన్న మాట నిజం! నొక్కు సంగతి కూడా నిజమే. ఇన్నేళ్లు గుండ్రం అనే అనుకున్నా, కళ్లు మూసుకుని అగ్గిపెట్టె తెరిచినట్టు ఊహించుకుంటే నొక్కు కనిపించింది. వాటర్ అబ్జార్బ్ మాట చదివి షాపులోనే లేచి నిలబడ్డా.

ఇంకొకటి అడగాలి. మా తమ్ముడు డిగ్రీ ఫైనల్లో ఉన్నాడు. ఈ 43 బొమ్మలతో ఒక ఆట తయారుచేసి ఆన్‌లైన్లో పెడదాం అంటున్నాడు. పెట్టొచ్చా?

బడి_గంట:

నేను అనంతపురం జిల్లాలో హైస్కూల్ పిల్లలకి జీవశాస్త్రం చెప్తాను. మా అబ్బాయి పుణ్యమా అని పోకెమాన్ కూడా బాగానే తెలుసు. బాబూ, నీ మొదటి రూపం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆరుద్ర పురుగు నిజానికి కీటకం కాదు. సాలీళ్లు, తేళ్లు ఉండే వర్గానికి చెందినది. పెద్దదానికి ఎనిమిది కాళ్లు, అది నువ్వు సరిగ్గానే గీశావు. కానీ గుడ్డులోంచి వచ్చిన పిల్లకి ఆరే కాళ్లు ఉంటాయి. ఆ పిల్ల సొంతంగా బతకదు. మిడత లాంటి వేరే పురుగు ఒంటికి అతుక్కుని దాని రసం పీల్చుకుంటుంది. కడుపు నిండాక కిందికి రాలి మట్టిలోకి దూరుతుంది, అక్కడ మారి ఎనిమిది కాళ్లతో పెద్దదవుతుంది. వానకి మట్టి మెత్తబడ్డాక పైకొచ్చి చెదపురుగుల్ని, ఉసిళ్లని తింటుంది. మిడత కాలి దగ్గర ఎర్ర ఆవగింజలా అంటుకుని ఉన్నదాన్ని నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు, అది ఏదో వేరే పురుగు అనుకుని ఉంటావు.

మారడం అనేది నీకు ప్రకృతి ముందే ఇచ్చేసింది. ఆరు కాళ్ల నలుసు, ఎనిమిది కాళ్ల ముకమలు. కాళ్ల లెక్క విషయంలో ఆటవాళ్లు కూడా పట్టింపుగా ఉండరు, స్పైనరాక్ సాలీడే అయినా ఆరు కాళ్లే గీశారు. కానీ నీ దగ్గర నిజమే ఇంత అందంగా ఉన్నప్పుడు దాన్ని వాడుకో. నలుసుని ఒంటరిగా నిలబెట్టకు. ఎక్కడో వేలాడుతున్నట్టు, కాళ్లతో దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు గీయి.

ఇది ఎదిగే పద్ధతి కూడా అలాగే పెట్టొచ్చు. ప్యాంచామ్ అనే పోకెమాన్ 32వ లెవెల్లో ఎదగాలంటే జట్టులో ఒక డార్క్ టైపు ఉండాలి. నలుసుకి జట్టులో ఇంకో బగ్ టైపు ఉండాలని పెట్టు. మోసేవాళ్లు లేకపోతే అది పెద్దది కాదు. ముకమలుకేమో వాన కావాలి. దీనికీ ముందు ఉదాహరణ ఉంది. స్లిగ్గూ 50వ లెవెల్ దాటాక బయట వాన కురుస్తుంటే గూడ్రా అవుతుంది.

ఇంకొక్కటి. దాన్ని వేలితో తాకితే ఏం చేసేదో గుర్తుందా? ఎనిమిది కాళ్లూ ఒంటికిందికి ముడుచుకుని కదలకుండా ఉండిపోయేది. పిల్లలందరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. కాసేపటికి ముందు ఒక కాలు బయటికొచ్చేది, తర్వాత రెండోది. ఏదైనా రక్షణ ఎత్తుగడ ఇవ్వాలనుకుంటే దానికి ఇదే ఇవ్వు. ఆ ఎరుపు కూడా ఊరికే వచ్చింది కాదు, తినడానికి వచ్చే పక్షికి నేను రుచిగా ఉండను అని చెప్పే రంగు అది. డిఫెన్స్ 105 అన్న మాటకి నేనూ ఒప్పుకుంటాను.

మా బడి ఆవరణలో ఒకప్పుడు ఒక్క వానకే కనిపించేవి. ఈ మధ్య రెండు మూడేళ్లుగా పిల్లలకి చూపిద్దామంటే వెతకాల్సి వస్తోంది. నీ బొమ్మ పూర్తయితే మా తరగతి గోడకి పెడతాను, పంపుతావా?

పిక్సెల్_బాబాయ్:

మేడమ్, ఆరు కాళ్ల సంగతి నాకూ కొత్తే. ధన్యవాదాలండీ.

తమ్ముడూ, ఆట గురించి అడిగావు. నువ్వు గీసిన పురుగు నీది. పోకెమాన్ అన్న పేరు, పోకేబాల్, పికాచూ, ఆ పాటలు, ఆ ఆట తెరలు వాళ్లవి. బొమ్మలు గీసి ఇలా ఒకళ్లకొకళ్లం చూపించుకోవడం వేరు, ఆటగా చేసి పంచడం వేరు. పోకెమాన్ యురేనియం అని అభిమానులు తొమ్మిదేళ్లు కష్టపడి చేసిన ఆట 2016 ఆగస్టులో వచ్చింది. అందులో 150కి పైగా సొంత జీవులు ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే 10 లక్షల డౌన్‌లోడ్లు దాటాయి. ఆ ఆటల కంపెనీ నింటెండో తరఫు లాయర్ల నోటీసులు రాగానే ఆ నెలలోనే లింకులు తీసేశారు. తొమ్మిదేళ్ల పని అది. మీ అన్నదమ్ములకి ఆ గతి పట్టకూడదు.

కాబట్టి మొదటి రోజు నుంచే మీ సొంత పేరుతో, సొంత లోకంతో చేయండి. జీవుల్ని పట్టి పెంచే ఆటలు ఎవరి సొత్తూ కావు. 2023లో వచ్చిన క్యాసెట్ బీస్ట్స్ అలాంటిదే, దాన్ని చేసింది చిన్న బృందం, వాడింది గోడో అనే ఉచిత ఇంజిన్, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్. మీ తమ్ముణ్ణి దాంతో మొదలుపెట్టమను. బంతి బదులు మీ దగ్గర అగ్గిపెట్టె ఉండనే ఉంది కదా.

నల్లమల_పోరడు:

అగ్గిపెట్టె! మా తమ్ముడికి ఆ ఒక్క మాట చదివి వినిపించా, రాత్రి పదకొండింటికి గోడో డౌన్‌లోడ్ పెట్టాడు.

ఈ మూడు రోజుల్లో జరిగింది చెప్తా. నలుసుని మళ్లీ గీశా. ఆరు కాళ్లు, ఒక గడ్డిపోచని గట్టిగా వాటేసుకుని తలకిందులుగా వేలాడుతోంది. మిడతని కూడా గీద్దామనుకున్నా కానీ అప్పుడు చూసేవాళ్ల కళ్లు మిడత మీదికే పోతున్నాయి. గడ్డిపోచతోనే సరిపెట్టా. మేడమ్, మిడత కాలికి అంటుకున్న ఎర్ర చుక్కని నేను చిన్నప్పుడు గోటితో తీసేసేవాణ్ణి, మిడతకి నొప్పి అనుకుని. అది ఆరుద్ర పురుగు పిల్ల అని మొన్నటిదాకా తెలియదు.

ముకమలు కోసం మా అమ్మ పుస్తెల డబ్బా అడిగి తీసుకున్నా. మఖ్మల్ గుడ్డ చూపుడువేలికి చుట్టి షాపు ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూశా. అంచుల్లో తెల్లటి పొగలా కమ్మింది, బాబాయ్ అన్న చెప్పింది చెప్పినట్టే. ఐదు ఎరుపులతో అరగంటలో రంగు వేశా. నొక్కు పెట్టా, వీపు మీద మూడు వరసల గుంటలు పెట్టా. రాత్రి ఇంట్లో ఫోన్ ఛార్జింగ్ పెడితే తెర మీద ఆ బొమ్మే ఉంది. అమ్మ దాటిపోతూ చూసి, "ఆరుద్ర పురుగు గదా, ఈ యేడు ఇంకా కనవడ్తలేవు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అమ్మకి పోకెమాన్ అంటే ఏంటో తెలియదు. 64 పిక్సెళ్ల బొమ్మ అది. నేను అక్కడే కూర్చుండిపోయా.

టైపు బగ్/గ్రౌండ్, ఎబిలిటీ వాటర్ అబ్జార్బ్, మొత్తం 490, అన్న చెప్పిన అంకెలే. నలుసు 18వ లెవెల్లో, పక్కన ఇంకో బగ్ ఉంటే. ముకమలు 34లో, వాన పడుతుంటే.

ఇంద్రగోపురం ఇంకా నడుస్తోంది. కొమ్ములు, కిటికీలు, మంటలు అన్నీ చెరిపేశా. ఐదు మడతలు పేర్చితే ఆకారం వచ్చింది. నల్లగా నింపి తమ్ముడికి చూపిస్తే "పురుగు, కానీ గుడి ముందు నిల్చున్నట్టుంది" అన్నాడు. ఒక్కచోట తేడా కొడుతోంది. వీపు పైకి లేచేసరికి వెనక కాళ్లు నాలుగూ దాని నీడలో కలిసిపోయి రెండే ఉన్నట్టు కనిపిస్తున్నాయి. కాళ్ల అంచుకి ఇంకో లేత రంగు పెట్టాలా, లేక వీపునే కొంచెం ముందుకి వంచాలా? నా దగ్గర ఇంకా రెండు రంగులు మిగిలున్నాయి. రేపు మధ్యాహ్నం గిరాకీ తగ్గాక రెండు రకాలుగానూ గీసి ఇక్కడ పెడతా, చూసి చెప్పండి. మేడమ్, మీ తరగతి గోడకి మూడూ కలిపి ఒకే అట్ట మీద పంపిస్తా, కొంచెం పెద్ద డబ్బా దొరకనివ్వండి.